ఓరుగల్లు దారిలో రైలు విహారము

ప్రయాణము వేరు, విహారము వేరు. ప్రయాణమున చేరవలసిన చోటు ముఖ్యము. విహారమున దారి ముఖ్యము. రైలుబండి రెండింటికిని ఉపకరించు సాధనమే యైనను, మనలో అధికులము దానిని మొదటి పనికే వాడుకొనుచున్నాము. సికింద్రాబాదులో బండి యెక్కి, సంచి తలక్రింద పెట్టుకొని నిద్రించి, విజయవాడలో కన్నులు తెరచు ప్రయాణికుడు ఎనిమిది వందల యేండ్ల చరిత్రను నిద్రలోనే దాటిపోవుచున్నాడు. కాజీపేట, వరంగల్లు, డోర్నకల్లు అను పేర్లు అతనికి టీ దొరకు చోట్లుగా మాత్రమే తెలియును. ఆ దారినే ఒక విహారముగా మలచుకొనుట యెట్లో ఈ ప్రసంగమున చెప్పదలచితిమి. నాలుగు దినములు, ఒక రైలుమార్గము, రెండు దేవాలయములు, మూడు చెరువులు, ఒక బొగ్గుగనుల ఊరు. ఇంతే మన సామగ్రి. వెంట ఒక మార్గదర్శి యుండవలెను. ఆ పని ఈ ప్రసంగము కొంత చేయగలదని మా ఆశ.

పదిమంది కలిసి, ఒక పెద్ద నడుపగా, దేశము చూడబోవుట మనకు క్రొత్త కాదు. మద్రాసు సుప్రీంకోర్టులో ఉద్యోగియైన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న పెద్ద పరివారముతో కాశికి బయలుదేరి, హైదరాబాదు మీదుగా సాగి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరెను. పదునైదు నెలల పైచిలుకు పట్టిన ఆ యాత్రలో ఆయన ఊరూరి సంగతి వ్రాసి పెట్టుటచేతనే మనకు "కాశీయాత్ర చరిత్ర" దక్కినది. ఆనాటికి మన దేశమున రైలు లేదు. పల్లకీ మోయు బోయీల భుజములే దారి.

ఆ తరువాత పదేండ్లకు ఇంగ్లండులో ఒక క్రొత్త వింత జరిగెను. మద్యపాన నిషేధ ప్రచారకుడైన థామస్ కుక్ అను నాతడు 1841 జులై 5న సుమారు 500 మందిని లెస్టరు నుండి లఫ్‌బరోకు ఒక ప్రత్యేకమైన రైలులో కొనిపోయెను. దూరము పదునొకండు మైళ్ళు. మనిషికి రుసుము ఒక షిల్లింగు. నేడు లోకమంతట నడచుచున్న విహారయాత్రా వ్యాపారమునకు అది యొక తొలి మెట్టు. 1851లో లండనులో స్ఫటిక మందిరమున మహాప్రదర్శన జరిగినప్పుడు, ఆ కుక్కే లక్షకు మించిన జనమును రైళ్ళలో అచ్చటికి చేర్చెను. అదే ప్రదర్శనలో మన ఓరుగల్లు తివాచీలును ప్రదర్శింపబడెను. ఓరుగల్లుకు రైలు వచ్చుటకు 35 ఏండ్లు ముందుగనే, రైలెక్కి వచ్చిన యాత్రికుల యెదుట ఓరుగల్లు సాలెల పనితనము నిలిచెనన్న మాట.

ఇక మన రైలు కథకు వత్తము. మొదటి సాలార్ జంగు దివానుగా నుండిన కాలమున, 1874లో, వాడి నుండి సికింద్రాబాదుకు రైలు నడిచెను. అది నిజాం ప్రభుత్వపు తొలి రైలుమార్గము. దానిని తూర్పుగా ఓరుగల్లు మీదుగా బెజవాడకును, ఉత్తరముగా చాందా వైపునకును పొడిగింపవలెనని సంకల్పము కలిగెను. దానికై 1883లో లండనున ఒక కంపెనీ ఏర్పడెను. దాని పేరు నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే. ఈ పేరులోని "గ్యారంటీ" అను మాటయే మన కథకు కీలకము. కంపెనీ వాటాదారులు పెట్టిన మూలధనముపై నూటికి 5 వంతున 20 ఏండ్లపాటు వడ్డీ ముట్టచెప్పుటకు నిజాం ప్రభుత్వము పూచీ పడినది. బండి లాభమున నడచినను, నష్టమున నడచినను, లండనులోని వాటాదారునకు వడ్డీ తప్పదు. లోటు వచ్చినచో ఖజానా భరింపవలెను. ఖజానాలోనిది రైతు కట్టిన శిస్తే గదా!

ఈ షరతులేమో ప్రజలకు తెలియజెప్పవలెనని హైదరాబాదున అదే యేడు కొందరు విద్యావంతులు కోరిరి. రైలు వలదని వారు పట్టుపట్టలేదు. లెక్క చూపుడని మాత్రమే అడిగిరి. వారిలో ముఖ్యుడు ఎడింబరోలో చదివి వచ్చిన డాక్టరు అఘోరనాథ ఛటోపాధ్యాయ. ముల్లా అబ్దుల్ ఖయ్యూము ఆయనకు తోడుగా నిలిచెను. ప్రభుత్వము అఘోరనాథుని కొలువునుండి తొలగించి రాజ్యమునుండి వెడలగొట్టెను. ఆనాటికి ఆయన కుమార్తె నాలుగేండ్ల పసిపాప. ఆమెయే తరువాత సరోజినీ నాయుడుగా ప్రసిద్ధికెక్కెను. ఆయన కొంతకాలమునకు మరల హైదరాబాదు చేరి విద్యాసేవ కొనసాగించెను. చాందా రైల్వే ఉద్యమమని చరిత్రకారులు పిలుచు ఈ అలజడిని హైదరాబాదు రాజ్యమున ఆధునిక ప్రజాభిప్రాయమునకు తొలి మొలకగా పలువురు ఎంచుదురు. మనము కిటికీ ప్రక్కన కూర్చుండి చూచు పట్టాల వెనుక ఇంత కథ కలదు.

1886లో రైలు ఓరుగల్లు చేరెను. 1888లో డోర్నకల్లు నుండి సింగరేణి బొగ్గుగనులకు శాఖ వేసిరి. 1889లో మార్గము బెజవాడ ముట్టెను. ఏ చాందా మార్గమునకై గగ్గోలు పుట్టెనో, ఆ మార్గము మాత్రము నలువది యేండ్లకు మించి జాగు చేసినది. కాజీపేట నుండి బల్హార్షా వరకు పట్టాలు పూర్తిగా కలసినది 1929లో. అప్పుడే మద్రాసు, ఢిల్లీ నగరముల నడుమ దక్కను మీదుగా తిన్నని దారి యేర్పడి, కాజీపేట దేశమునకు ఒక కూడలి ఆయెను.

ఇప్పుడు విహారము మొదలిడుదము.

మొదటి దినము సికింద్రాబాదున ఉదయపు బండి యెక్కవలెను. కాజీపేటకు 132 కిలోమీటర్లు. ఒక గంట గడచులోపుననే భువనగిరి కొండ ఏనుగు వీపువలె ఒకే రాతిగా లేచి కనబడును. చాళుక్య చక్రవర్తి త్రిభువనమల్ల విక్రమాదిత్యుని పేర వెలసిన దుర్గమది. పిమ్మట ఆలేరు; అచ్చటికి చేరువలో కొలనుపాక జైనక్షేత్రము కలదు. పిమ్మట జనగామ, దాని ప్రక్కనున్న పెంబర్తిలో విశ్వకర్మలు ఇత్తడిరేకుపై సుత్తితోను ఉలితోను బొమ్మలు లేపుదురు. దారి పొడుగునను గుండ్లు పేర్చినట్లుండు గుట్టలు, గుట్టల నడుమ చెరువులు, కట్టలపై తాటిచెట్లు. ఈ గుట్టలును చెరువులును ఒకదానితో నొకటి ముడిపడి యున్న సంగతి మూడవనాడు వివరింతుము.

కాజీపేట, హనుమకొండ, వరంగల్లు నేడు కలిసి ఒకే నగరము. హనుమకొండలో వేయిస్తంభముల గుడి చూడవలెను. కాకతి రుద్రదేవుడు 1163లో వేయించిన శాసనము అచ్చట కలదు. శివ, విష్ణు, సూర్యులకు మూడు గర్భగృహములు గల త్రికూటమది. సాయంకాలము వరంగల్లు కోటకు పోవుదము. గణపతిదేవుడు మొదలిడగా రుద్రమదేవి పూర్తిచేసిన కోట. వెలుపల మట్టికట్ట, లోపల రాతిగోడ. నడుమ స్వయంభూ దేవుని గుడి యుండిన చోట నేడు నాలుగు తోరణములు మాత్రము నిలిచి, లోపల శిల్పఖండములు పరచుకొని యున్నవి. 1323లో ఢిల్లీ సైన్యము కోట పట్టుకొనుటతో కాకతీయ రాజ్యము ముగిసెను. గుడి పోయినను గుమ్మము మిగిలెను. ఆ గుమ్మమే 2014లో ఏర్పడిన తెలంగాణ రాష్ట్రమునకు చిహ్నమున చోటు చేసికొనెను.

రెండవ దినము రైలు విడిచి రోడ్డు పట్టవలెను. రైలును బస్సును జతపరచి పల్లెలకు పోవు పద్ధతికి కూడ ఈ నేలపై పాత చరిత్రయే కలదు. 1930లో నిజాం ప్రభుత్వము కంపెనీనుండి రైలును స్వాధీనము చేసికొనెను. 1932లో ఆ రైల్వేయే 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో రోడ్డు రవాణా శాఖను నెలకొల్పెను. ఆ శాఖయే క్రమముగా మన ఆర్టీసీకి మూలమైనది. రైలు దిగి బస్సెక్కు ప్రతి పల్లెవాసియు ఆనాటి ఏర్పాటునకే వారసుడు.

ములుగు మీదుగా పాలంపేటకు సుమారు 70 కిలోమీటర్లు. అచ్చటిదే రామప్పగుడి. గణపతిదేవుని సేనానియైన రేచర్ల రుద్రుడు 1213లో దీనిని కట్టించినట్లు శాసనము చెప్పుచున్నది. రామప్ప యనునది శిల్పి పేరని జనశ్రుతి. ఎర్రని ఇసుకరాతి గోడలకు నల్లని రాతి నాగినులును మదనికలును కొడుంగుల వలె అమరియున్నవి. శిఖరమునకు వాడిన ఇటుకలు నీటిపై తేలునంత తేలిక. పునాది గోతిని ఇసుకతో నింపి, దానిపై గుడి నిలిపిరి. నేల కదలినపుడు ఆ ఇసుక అదురును కొంత తనలో నిముడ్చుకొనును. అయినను ఎనిమిది వందల యేండ్ల భారమున నేల యంతట ఒకే తీరుగ నిలువలేదు. మండపపు నేల అచ్చటచ్చట అలవలె లేచి క్రుంగియున్నది. హైదరాబాదు పురావస్తు శాఖకు 1914 నుండి అధిపతిగా నుండిన గులాం యజ్దానీ ఈ గుడిని పరిశీలించి, 1922లో పాలంపేట దేవాలయములను గూర్చి గ్రంథము ప్రకటించెను. 2021 జులైలో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించెను.

ఒక్క మాట. గుడి చూచి వెనుదిరుగు యాత్రికులు చాలమంది. అరకోసెడు దూరములో నున్న రామప్పచెరువు కట్ట యెక్కనిచో ఆ విహారము సగమే. గుడి కట్టినవారే చెరువును కట్టిరి. గుడిలో దీపము వెలుగవలెనన్న చెరువు క్రింద వరి పండవలెను.

మూడవ దినము చెరువులకే. ఉదయము లక్నవరము, సాయంకాలము పాకాల. మూడు చెరువులును కాకతీయుల కాలపువే. కొండల నడుమ వాగు వెలువడు ఇరుకైన చోటు చూచి కట్ట వేయుట వారి యుక్తి. కొండలే మూడు ప్రక్కల గోడలు. మనుష్యులు కట్టవలసినది నాలుగవ ప్రక్క మాత్రమే. కట్టకు తూము, తూము నుండి కాలువ, కాలువ క్రింద ఆయకట్టు. చెరువు నిండినపుడు ఎక్కువ నీరు మత్తడి దూకి దిగువ చెరువునకు పోవును. ఇట్లు గొలుసుగా ఒకదాని క్రింద నొకటి. రైలు కిటికీలోనుండి మనము చూచిన గుట్టల నడుమ చెరువులు ఈ గొలుసులలోని కడియములే. ఇచ్చటనే మరియొక వింత కలదు. రామప్ప, లక్నవరముల నీరు గోదావరి వైపునకు పోవును. పాకాల వాగు మున్నేరై ఖమ్మము ప్రక్కగా పారి కృష్ణలో కలియును. ఒక్క దినములో మనము రెండు మహానదుల నడిమి గట్టును దాటుదుము. పాకాల చుట్టునున్న అడవి 1952 నుండి అభయారణ్యము.

చెరువు కట్టినవానికి ఏమి లభించెడిది? దశబంధము. ఆ చెరువు క్రింద సాగగు భూమిలో, లేక దాని రాబడిలో, పదవవంతు కట్టినవానికి విడిచెడివారు. కాకతీయుల కాలపు శాసనములలో ఈ మాట వినబడును. ఇందలి ధర్మమును గమనింపుడు. కట్ట తెగినచో పంట లేదు. పంట లేనిచో పదవవంతును లేదు. కావున కట్టినవాని కండ్లు ఎల్లప్పుడు కట్టపైననే యుండవలెను. దీని ప్రక్కన రైల్వే గ్యారంటీని నిలిపి చూడుడు. అచ్చట పండినను ఎండినను నూటికి 5. ఒక యేర్పాటులో పెట్టుబడిదారుడు రైతుతోపాటు మునుగును, తేలును. రెండవదానిలో రైతు మునిగినను అతడు తేలుచునే యుండును. ఈ రెండు పద్ధతులును ఒకే జిల్లా నేలపై, కొన్ని కోసుల యెడములో, మట్టికట్టగాను ఇనుపపట్టాగాను మనకు కనబడుచున్నవి. చరిత్ర పుస్తకములో వేర్వేరు అధ్యాయములలో నుండు సంగతులను ఒకచోట చేర్చి చూపుటయే విహారమునకు గల గొప్ప ప్రయోజనము.

అట్లని కాకతీయుల కాలము స్వర్ణయుగమనియు, రైలు కాలము చీకటియనియు మేము చెప్పబోము. లక్నవరము దాటి అడవిలో కొంత దూరము పోయిన మేడారము వచ్చును. కరవునాడు కప్పము కట్టుమన్న కాకతీయ ప్రభువుతో పోరి సమ్మక్క, సారలమ్మ ప్రాణములు విడిచిరని కోయలు చెప్పుకొందురు. రెండేండ్లకొక మాఘమాసమున అచ్చట జాతర జరుగును. అప్పుడు కాజీపేటకు, వరంగల్లుకు ప్రత్యేకపు రైళ్ళు వచ్చును. ఈ రైలుదారిలో జరుగు మహా విహారయాత్ర యేది యన్నచో అదియే. దానిని ఏ కంపెనీయు సృష్టింపలేదు. కప్పమడిగిన రాజును ఎదిరించిన తల్లులను కొలుచుటకు, శిస్తుసొమ్ము పూచీతో పరచిన పట్టాలపై జనము పోవుచున్నది.

నాలుగవ దినము మరల రైలు. వరంగల్లు నుండి నెక్కొండ, కేసముద్రము, మహబూబాబాదు దాటి డోర్నకల్లు. ఈ జంక్షను ఊరిలో ఒక అపూర్వమైన క్రైస్తవ దేవాలయము కలదు. 1912లో ఆంగ్లికన్ సంఘమునకు తొలి భారతీయ బిషప్పుగా అభిషిక్తుడైన వేదనాయకం శామ్యూల్ అజరయ్య దానిని కట్టించెను. 1939లో ప్రతిష్ఠ జరిగినది. గోపురములు, గుమ్మటములు, స్తంభములు చూచినచో హిందూ, ముసల్మాను నిర్మాణ రీతులు రెండును అందులో కలిసి కనబడును. ఈ దేశపు దేవుని ఇల్లు ఈ దేశపు తీరుననే యుండవలెనని ఆయన తలంపు.

డోర్నకల్లు నుండి బయలుదేరు శాఖయే బొగ్గుదారి. భూగర్భ శాఖకు చెందిన విలియం కింగు 1871లో ఇల్లెందు ప్రాంతమున బొగ్గు జాడ కనుగొనెను. చేరువలోని సింగరేణి గ్రామము పేరు గనికి, గని పేరు 1920లో కంపెనీకి వచ్చెను. బొగ్గుకై రైలు వేసిరి, ఆ బొగ్గుతోనే రైలు నడిపిరి. చెరువు నీరు తాను నిలిచిన ఊరి పొలమునే తడుపును. బొగ్గు తాను పుట్టిన ఊరు విడిచి పోవును. ఇల్లెందులో నిలిచి చూచినచో ఈ భేదము మాటలు లేకుండ బోధపడును. ఐనను గనియే వేలకొలది కుటుంబములకు కూడు పెట్టినదనియు మరువరాదు.

ఇంగ్లండు, వేల్సు దేశములలో పాత రైలుమార్గములను కాపాడుకొను సంఘములు పెక్కు కలవు. వేల్సులోని తాలిలిన్ మార్గమును 1951లో స్వచ్ఛంద సేవకులు స్వీకరించి నడుపనారంభించిరి. లోకమున అట్టి ప్రయత్నమునకు అదియే మొదలు. మన దేశమున డార్జిలింగు కొండరైలు 1999లో, నీలగిరి రైలు 2005లో, కాల్కా-సిమ్లా రైలు 2008లో యునెస్కో గుర్తింపు పొందినవి. మన ఓరుగల్లు మార్గమునకు అట్టి బిరుదు లేదు, పొగయింజనులును పోయినవి. నిజాం రైల్వే 1951లో మధ్య రైల్వేలో కలిసి, 1966లో దక్షిణ మధ్య రైల్వేకు చేరెను. కాని మన మార్గము మూలబడిన వస్తువు కాదు. 1886లో పరచిన దారిననే నేటికిని దినమెల్ల బండ్లు నడచుచున్నవి. పనిచేయుచున్న వారసత్వమును అద్దాల పెట్టెలో పెట్టి చూడలేము. దానికి కావలసినది దాని కథ తెలిసిన ప్రయాణికులు.

కథ తెలియనిచో ఏమగునో ఓరుగల్లుననే ఒక నిదర్శనము కలదు. 1934లో వెలసిన ఆజంజాహీ మిల్లు వేలమందికి బ్రతుకు చూపినది. రైలు తెచ్చిన ప్రత్తి, రైలు మోసిన బట్ట. ఈ శతాబ్ది తొలినాళ్ళలో అది మూతపడెను. మగ్గముల హోరు విన్న తరము కూడ క్రమముగా తరిగిపోవుచున్నది. వేయిస్తంభముల గుడిని కాపాడుటకు ప్రభుత్వ శాఖలు కలవు. మిల్లు సైరను విని గడియారము సరిచేసికొన్న తాతల జ్ఞాపకములను కాపాడుటకు ఇంటివారు తప్ప వేరు శాఖ లేదు. అట్లే పాత చెరువులను బాగుచేయుటకు 2015లో కాకతీయుల పేర ఒక ప్రభుత్వ పథకము వచ్చినది. కాని తూము మూయు వేళయు, మత్తడి పారు గుర్తును ఎరిగినవారు ఊరిలోని వృద్ధులే.

కనుక ఈ విహారమునకు పోవు కుటుంబములకు మా సలహా ఇది. వానలు వెనుదీసి చెరువులు నిండియుండు కార్తీకము మొదలు మాఘము వరకు మంచి కాలము. పెద్దలను వెంటగొని పొండు. పిల్లలచేతికి ఒక నోటుపుస్తకము ఇండు. గుడి యెవరు కట్టిరని మాత్రమే కాక, ఎవరి ధనముతో కట్టిరి, ఎవరికి ఫలమబ్బినది అని ప్రతి చోటను అడుగుడని చెప్పుడు. 1883లో హైదరాబాదున కొందరు పెద్దలు అడిగిన ప్రశ్నయు అదియే. వారికి ఆనాడు బదులు దొరకలేదు. ఆ ప్రశ్నను మన పిల్లలు కిటికీ ప్రక్కన కూర్చుండి నిర్భయముగా అడుగగలిగిన నాడు, నాలుగు దినముల టిక్కెట్టు సొమ్ము వృథా కాలేదని మనము తృప్తి పడవచ్చును.